తెలుగు సార్ పేజీ

మా కాలేజీకి ఒక వెబ్‌సైటు ఉందన్న సంగతి మా కాలేజీలోనే సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందీ అది నా సొంత ఆస్తి అనుకునేవాళ్లు. "మీ సైటులో నా ఫోటో వంకరగా పడింది మేడం" అని కామర్స్ సార్ వరండాలో నిలబెట్టి అడిగేవాడు, ఆయన మెడ నేనే వంచినట్టు. కంప్యూటర్లు చెప్పే మనిషిని కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, ప్రిన్సిపాల్ గారి అల్లుడి ఫోను మొరాయించినా నన్నే పిలుస్తారు, ఇక సైటు ఎంత!

మాది ఎమ్మిగనూరు. రోజూ పొద్దున బస్సెక్కి ఆదోనికి పోవడం, సాయంత్రం మళ్లీ బస్సులో వేలాడుతూ రావడం. కాలేజీ మార్కెట్ యార్డుకు దగ్గర. పత్తి వచ్చే నెలల్లో జిన్నింగు మిల్లుల నుసి గాలికి ఎగిరొచ్చి కీబోర్డు సందుల్లో దూరేది. పదకొండేళ్లుగా అక్కడ కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నాను. ఏటా జూన్ దగ్గరపడేకొద్దీ ఈసారి ఉంచుతారో సాగనంపుతారో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరగాలి. అలా తిరిగి తిరిగి మనిషి ఎలా తయారవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సైటులో మార్పులు చేయడం పెద్ద విద్యేం కాదు. పాస్‌వర్డు కొట్టి లోపలికి పోతే ఎడమపక్క పేజీల పేర్లు వరసగా ఉంటాయి. ఒకదాన్ని నొక్కితే తెల్లటి పెట్టె వస్తుంది. అందులో టైపు చేసి నీలం బటన్ నొక్కితే లోకమంతా చూడొచ్చు. ఇంకా దిద్దాల్సింది ఉంటే డ్రాఫ్టులో పెట్టుకోవచ్చు, అప్పుడది మనకు తప్ప బయట ఎవరికీ కనిపించదు. అక్కర్లేదనుకుంటే చెత్తబుట్ట బొమ్మ నొక్కాలి. అంతే. కానీ మా కాలేజీలో ఆ ఇంగ్లీషు మాటలు ఎవరికీ రుచించలేదు. డ్రాఫ్టులో పెట్టడాన్ని 'మూయడం' అన్నారు, బయటికి కనిపించేట్టు చేయడాన్ని 'తీయడం' అన్నారు. అంగడి షట్టరు మూసి తీసినట్టే. ఆ మాటలు మొదలుపెట్టింది ప్రిన్సిపాలే. "బాటనీ పేజీ ఇప్పటికి మూసిపెట్టమ్మా, ఫోటోలు వచ్చినాక తీద్దాం" అనేవాడు. నాకూ అదే నోటికి అలవాటైంది.

ప్రతి డిపార్ట్‌మెంటు నుంచీ ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. హిస్టరీ వాళ్లు ఎక్కడో ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఆశయాలు ఎత్తుకొచ్చి, ఆ కాలేజీ పేరుతో సహా అతికించారు. ఏడాది పాటు ఎవరూ గమనించలేదు. దాన్ని చూసినప్పుడు నేను ఒక్కదాన్నే ల్యాబులో కూర్చుని పగలబడి నవ్వాను. అప్పట్లో నాకు ఆ సైటంటే అంత తేలిక.

తెలుగు డిపార్ట్‌మెంటులో ఇద్దరు. ఒకాయన పర్మినెంటు, హెడ్డు. రెండో ఆయన నాలాగే కాంట్రాక్టు, కాకపోతే నాకంటే చాలా ముందు నుంచీ, ఇరవై ఏళ్ల పైనే. తెలుగు సార్ అంటే పిల్లలకైనా మాకైనా ఈయనే. మంత్రాలయం దగ్గర మాధవరం ఆయనది. వాళ్ల నాన్న గుడిలో వంట చేసేవాడు. ఆ ఇంట్లోంచి కాలేజీ మెట్లెక్కింది ఈయనొక్కడే. పద్యం ఎత్తుకుంటే వెనక బెంచీలో కునుకు తీసేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. కంప్యూటర్ దగ్గర మాత్రం మౌసును అగరొత్తిలా రెండు వేళ్లతో పట్టుకుని, ఎక్కడ కాలుతుందో అన్నట్టు కదిలించేవాడు.

ఆ ఏడు పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. అంతకుముందు తనిఖీకి వచ్చేవాళ్లు రిజిస్టర్లు తిరగేసి, మనుషులను చూసి, లిస్టు రాసుకునేవాళ్లు. ఇకమీదట తనిఖీ రోజున పదకొండు గంటలకు సైటు తెరిచి చూస్తారు. డిపార్ట్‌మెంటు పేజీలో ఎవరి పేరు కనిపిస్తే వాళ్లే ఉన్నట్టు. ఆ పేజీలు ప్రింటు తీసి అక్కడికక్కడే సంతకాలు పెడతారు. ఆ ప్రింటులో ఉన్న కాంట్రాక్టు వాళ్లనే జూన్ నుంచి కొనసాగిస్తామని మా మేనేజ్‌మెంటు ప్రకటించింది. తెలుగు సార్‌కు అప్పటికి యాభై ఆరు. ఆ వయసులో ఇక్కడ పోతే ఇంకో కాలేజీ గడప తొక్కనివ్వరని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. ఆ ఇంటికి ఆయన ఉద్యోగం తప్ప ఇంకో ఆధారం లేదు.

దాని వెనకే ఇంకో మాట స్టాఫ్ రూములో తిరిగింది. పిల్లలు తగ్గారు కాబట్టి కాంట్రాక్టు వాళ్లలో ఒకరికి ఉద్వాసన తప్పదని. తెలుగు సార్ గానీ, నేను గానీ. ఎవరు చెప్పారని అడిగితే అందరూ ఇంకొకరి పేరు చెప్పారు. ఆ రోజు నుంచి ఆయన ఎదురుపడితే నాకు ముఖం చూడబుద్ధి కాలేదు. ఆయన మాత్రం ఎప్పటిలాగే "ఏమ్మా, బస్సులో సీటు దొరికిందా?" అని పలకరించేవాడు.

తనిఖీకి వారం ముందు ఆయన ఒక పెన్‌డ్రైవ్ తెచ్చాడు. అప్పటికి ఆయన పేజీలో పేరూ చదువూ తప్ప ఏమీ లేవు. "ఇరవై ఏండ్లల్లో రాసిన వ్యాసాలన్నీ దీంట్లో ఉండాయి. పెట్టమ్మా, వాళ్లు సూస్తారంట గదా" అన్నాడు. ఫైలు తెరిచి మా తెల్లపెట్టెలో అతికించాను. తెలుగు రాలేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన కొమ్ములు, మధ్యలో చుక్కలూ గీతలూ. ఎప్పుడో డీటీపీ షాపులో పాత ఫాంటులో కొట్టించిన మేటరు అది. ఆ ఫాంటు లేని చోట అది ఏ భాషా కాదు. ఆయన కళ్లజోడు పైకి జరిపి, తెర దగ్గరికి వంగి, చాలాసేపు చూశాడు.

"ఇది నేను రాసిందేనామ్మా?" అన్నాడు.

మొదటినుంచి మళ్లీ టైపు చేయక తప్పదు. అందాకా ఆ పేజీ సగం సగంగా బయట కనపడటం బాగుండదని డ్రాఫ్టులో పెట్టాను. మనిషి పేజీ డ్రాఫ్టులో ఉంటే డిపార్ట్‌మెంటు లిస్టులోంచి కూడా ఆ పేరు దానంతటదే మాయమవుతుంది. అందుకే ప్రిన్సిపాల్ గదికి పోయి మరీ చెప్పాను, "తెలుగు సార్ పేజీ మూసిపెట్టినాను సార్, టైపింగు అయిపోతానే తీస్తాను" అని. ఆయన తలూపాడు.

మూడు రోజులు మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన చదువుతూ ఉంటే నేను కొట్టాను. ఆయన తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా మూత తీయకుండానే పక్కన ఉండిపోయేది. నేను ఒత్తు వదిలేసినా, అక్షరం మార్చినా వేలితో బల్ల మీద తట్టేవాడు. "అది 'ళ' అమ్మా, 'ల' కాదు. కాంట్రాక్టోని పేజీ అని ఉత్త 'ల' తోనే సరిపెడ్తివా?" అని నవ్వించేవాడు. మా ఊరి మగ్గం పాటల మీద ఒక వ్యాసం, బెల్లం గానుగ దగ్గర వాడే మాటల మీద ఒకటి, మిల్లుల్లో పత్తి ఏరే ఆడవాళ్ల పొడుపుకథల మీద ఒకటి. ఇన్నేళ్లు పక్క గదిలో ఉండి ఈయన ఇవన్నీ రాశాడని నాకు తెలియదు. శనివారానికి మొత్తం పూర్తయింది. ఆయన పైనుంచి కిందికి చదువుకుని, "బాగుందమ్మా, తెలుగు తెలుగు మాదిరి ఉంది" అన్నాడు. ఇక ఆయన ఫోటో ఒక్కటే మిగిలింది. సోమవారం తనిఖీ. పొద్దున్నే వచ్చి ఫోటో పెట్టి, నీలం బటన్ నొక్కేద్దాంలే, ఇప్పుడు బస్సు పోతుంది అనుకుని పేజీని మూసి ఉన్నట్టే వదిలి వచ్చేశాను.

గేటు దగ్గర కామర్స్ సార్ కలిశాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "తెలుగాయన పని అయిపోయిందంట మేడం. మీరేం భయపడద్దండి" అన్నాడు. "పాపం" అన్నాను. పైకి అన్నది అదే.

ఆదివారం ఎమ్మిగనూరు కూరగాయల మార్కెట్లో టమోటాలు ఏరుకుంటుంటే ప్రిన్సిపాల్ ఫోను. చుట్టూ ఆటోల హారన్లు, బేరాలు. "ఏమ్మా, తెలుగాయప్ప పేజీ తీయమ్మా. రేపు పదకొండుకు వాళ్లు కూర్చుంటారు, ఇప్పుడే తీయ్, మర్సిపోతావు మళ్లా" అన్నాడు. "సరే సార్" అన్నాను. ఫోను కట్టయింది.

అయితే ఆయన్నే తీసేస్తున్నారన్నమాట, అనుకున్నాను. ఆ క్షణం నా లోపల ఏం జరిగిందో ఇప్పటికీ గుర్తుంది. నెలరోజులుగా గుండెల మీద కూర్చున్న బండ ఒకటి లేచి పోయింది. ఎందుకు సార్ అని అడగలేదు. ఎవరు నిర్ణయించారని అడగలేదు. ఆయనకు చెప్పారా అనీ అడగలేదు. టమోటాల బుట్ట కింద పెట్టి, అక్కడే నిలబడి, ఫోనులోనే సైటు తెరిచి, ఆయన పేజీ మీద చెత్తబుట్ట బొమ్మ నొక్కాను. నిజంగా తొలగించాలా అని అడిగింది ఆ యంత్రం. అదైనా అడిగింది. అవును అని నొక్కాను. తర్వాత టమోటాలు తూకం వేయించుకుని ఇంటికొచ్చి వండుకుని తృప్తిగా అన్నం తిన్నాను. ఈ ముక్క రాయకపోతే ఎవరికీ తెలియదు. కానీ తిన్నాను.

సోమవారం తనిఖీకి ముగ్గురు వచ్చారు. తెలుగు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి జేబులోంచి పాస్‌పోర్టు ఫోటో తీసి, "ఇదిగోమ్మా ఫోటో, సరిపోతాదా?" అని అందించాడు. ఈయనకు ఇంకా ఎవరూ చెప్పలేదా, పాపం, అని జాలిపడ్డాను. ఫోటో తీసుకుని పుస్తకంలో పెట్టుకుని లోపలికి పోయాను. నా జాలి కూడా అంతటితో సరి.

పదకొండుకు సైటు తెరిచారు. ఒక్కొక్క డిపార్ట్‌మెంటూ తెర మీదికి వస్తోంది, నేను ప్రింటు ఇస్తున్నాను, వాళ్లు సంతకాలు పెడుతున్నారు. తెలుగు వచ్చింది. హెడ్డుగారి పేరు ఒక్కటే ఉంది. ప్రిన్సిపాల్ కుర్చీలో ముందుకు జరిగాడు. తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఇంకొకాయన ఉండాడు సార్. ఈడే బయట కూర్చోనుండాడు. పిలుస్తా" అన్నాడు.

వచ్చినవాళ్లలో పెద్దాయన కలం మూత తీస్తూ, "మేము సైటు చూసేదానికి వచ్చినామండీ. మనుషులను చూసే పద్ధతి పోయింది గదా" అన్నాడు. సంతకం పెట్టాడు. తర్వాతి పేజీ అడిగాడు.

భోజనాలకు లేచినప్పుడు ప్రిన్సిపాల్ నన్ను మెట్ల కిందికి పిలిచాడు. 

"పేజీ తీయమంటే తీసి పారేసినావేందమ్మా?"

"మీరే గదా సార్ తీయమన్నారు..."

"తీయమంటే తీయమని! మూసిపెట్టినా అని నాకు సెప్పింది నువ్వే గదా. మూసిందాన్ని తీయమంటే ఏం సేస్తారు?"

మాకు తలుపు తీయి అంటే తెరువు అని. షట్టరు తీయి అంటే తెరువు అని. వద్దనుకున్న దాన్ని ఎవరూ ఉత్తగా తీయి అనరు. తీసెయ్ అంటారు, పీకెయ్ అంటారు. ఇది బడికిపోని పిల్లకు కూడా తెలుసు. పైగా మా సైటు విషయంలో ఆ మాటకు ఇంకో అర్థమే లేదు. రెండేళ్లుగా రోజూ అదే మాట, అదే మనిషి నోట, అదే అర్థంలో వింటున్నాను. వారం కిందట నేను కూడా అదే మాట అన్నాను. ఆదివారం మాత్రం నాకు వేరేగా వినపడింది.

ల్యాబుకు పరిగెత్తి, చెత్తబుట్టలోంచి ఆ పేజీని బయటికి లాగి, నీలం బటన్ నొక్కాను. ఒక్క నిమిషం పట్టలేదు. మగ్గం పాటలూ పొడుపుకథలూ అన్నీ చక్కగా, ఒత్తులతో సహా, వచ్చి కూర్చున్నాయి. చేతులు కాలాక ఆకులు. సంతకం పడిన ప్రింటు అప్పటికే వాళ్ల బ్యాగులో ఉంది. ప్రిన్సిపాల్ ఒకసారి అడిగి చూశాడు, వాళ్లు కుదరదన్నారు, ఆయన రెండోసారి అడగలేదు. ఎలాగూ ఒకరిని తగ్గించాలి కదా. ఎవరినీ వద్దనాల్సిన పాపం లేకుండా ఆయన పని తేలిగ్గా అయిపోయింది.

"సర్వర్ పని సేయలేదని ఆయప్పకు సెప్పినా. నువ్వు నోరు మెదపద్దు. కాలేజీ పరువు" అన్నాడు సాయంత్రం. నేను మెదపలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు సర్వర్ అన్నా నా చేతులు చీర కొంగు సర్దుకునేవి. తెలుగు సార్ ల్యాబుకు వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "సర్వరంట గదమ్మా. మూడు దినాలు అన్నం మానుకోని కొట్టినావు, నీ కష్టం వృథా పోయె" అన్నాడు. నన్ను ఓదార్చడానికి వచ్చాడు ఆయన. నేను తల వంచుకుని కీబోర్డులో నుసి తుడుస్తూ కూర్చున్నాను.

జూన్లో ఆయనను కొనసాగించలేదు. నన్ను కొనసాగించారు. కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే ప్రిన్సిపాల్ పిలిచి, "ఆయప్ప పేజీ తీసెయ్‌మ్మా" అన్నాడు. ఈసారి 'సె' దగ్గర కాస్త ఆగి, నొక్కి పలికాడు. తీసేశాను.

ఆ తర్వాత ఆయన ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ హాస్టల్లో వార్డెనుగా చేరాడని విన్నాను. పిల్లలను నిద్రలేపడం, స్నానాల దగ్గర వరసలో నిలబెట్టడం, కొళాయిలు కట్టారో లేదో చూడటం. ఇరవై ఏళ్లు పద్యం చెప్పిన గొంతుతో బకెట్ల దగ్గర కేకలు వేయడం. మా ఇంటికి ఆ హాస్టలు దగ్గరే. దాని ముందు నుంచి పోకుండా ఏడాది పాటు చుట్టూ తిరిగి బస్టాండుకు పోయాను.

ఒకరోజు పొద్దున బస్టాండులోనే ఎదురుపడ్డాడు. మాధవరం పోతున్నాడట. చిక్కిపోయాడు. గడ్డం తెల్లగా మాసి ఉంది. "ఏమ్మా, బాగుండావా? సైటు ఎట్లుంది?" అని నవ్వాడు. ఆ నవ్వు చూడటం నా వల్ల కాలేదు.

"సర్వర్ కాదు సార్. నేనే తీసేసినాను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఫోను సంగతి, మార్కెట్టు సంగతి, మొత్తం చెప్పాను. అంతా విన్నాక, క్లాసులో పిల్లలను అడిగినట్టే అడిగాడు.

"ఆయన తీసెయ్ అన్నాడా, తీయి అన్నాడా?"

"తీయి అన్నాడు సార్."

"మరి?"

ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు ఉంది. ఏడాదిగా ఉంది. "ఇద్దర్లో ఒకరం పోవాల అన్నారు గదా సార్. మీరు పోతాండారనుకున్నా. అనుకున్నాక..."

"అనుకున్నాక ఇంగ వేరే ఏమీ వినపడలేదు" అన్నాడు ఆయన.

అవునన్నాను. ఏడవాలని ఉంది గానీ ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఆయన బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు. చెంపమీద ఒకటి కొట్టినా బాగుండేది. తర్వాత నా వైపు తిరిగి, "ఈ మాట ఇంకెవురికన్నా సెప్పినావా?" అన్నాడు.

"లేదు సార్."

"సెప్పద్దు. మళ్లా జూన్ వస్తాంది. వాళ్లు సాకు కోసరం సూస్తాంటారు. నీకు పిల్లలుండారు."

ఆదోని బస్సు వచ్చింది. ఎప్పటిలాగే ఆగకముందే జనం తలుపు మీద పడ్డారు. ఆయన ఆ గుంపు పక్కగా బస్సు వెంట నాలుగడుగులు పరిగెత్తాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి, కిటికీలోంచి లోపలి సీటు మీద వేశాడు.

"ఎక్కమ్మా. అది నీదే" అని కేకేశాడు.

ఎక్కాను. రుమాలు తీసి కిటికీలోంచి ఆయనకు అందించాను. మడత పెట్టి జేబులో పెట్టుకుని, తన బస్సు కోసం వెనక్కి పోయాడు. లోపల కాలు పెట్టడానికి చోటు లేదు, ముసలివాళ్లు కూడా నిలబడే ఉన్నారు. నేను ఆదోని దాకా కూర్చునే వెళ్లాను.